"ఆరేళ్ళ నుంచి" అంటే సిన్స్ సిక్స్ ఇయర్సా, ఫర్ సిక్స్ ఇయర్సా?

నీలిసిరా
నిన్న ఒక ఉద్యోగం దరఖాస్తులో "ఐ యామ్ వర్కింగ్ ఇన్ దిస్ ఫీల్డ్ సిన్స్ సిక్స్ ఇయర్స్" అని రాశాను. పంపేముందు ఫ్రెండ్‌కి చూపిస్తే దాని కింద ఎర్రగీత కొట్టి తప్పన్నాడు. ఎందుకు తప్పురా అంటే "చదువుతుంటేనే తెలిసిపోతుంది కదా" అంటాడు. నాకు తెలియట్లేదు కాబట్టే కదా అడిగింది! ఆరేళ్ళ నుంచి పనిచేస్తున్నాను, నుంచి అంటే సిన్స్, ఇందులో లోపం ఎక్కడుందో ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి. రేపు సాయంత్రం లోపు పంపాలి, ఇప్పుడు రాసిన ప్రతి వాక్యం మీదా అనుమానమే.

చెరువుగట్టు
సిన్స్ తర్వాత మొదలైన చోటు రావాలి. సోమవారం, 2019, పెళ్ళయిన రోజు, ఇలా. ఎంతసేపు, ఎన్నాళ్ళు అనే కొలత వస్తే ఫర్. సిక్స్ ఇయర్స్ కొలత కాబట్టి ఫర్. అంతే.

నీలిసిరా
ఆ ముక్క బళ్ళోనే చెప్పారండీ. ఖాళీలు పూరించమంటే ఇప్పటికీ పదికి పది తెచ్చుకుంటాను. గొడవల్లా సొంతంగా రాసేటప్పుడే. తెలుగులో "సోమవారం నుంచి" అంటాం, "ఆరేళ్ళ నుంచి" అనీ అంటాం. లోపల నుంచి అని వినిపించగానే చెయ్యి సిన్స్ అని రాసేస్తుంది. ఆగి "ఇది చోటా, కొలతా" అని ఆలోచించేలోపు వాక్యం అయిపోతుంది.

పాతపలక
నీలిసిరా గారూ, మీరు చెప్పింది అసలు కారణం. చాలామంది "ఇంగ్లిష్ రాదు" అని తీసిపారేస్తారు గానీ, ఇది రాకపోవడం కాదు, మన భాష అలవాటు అవతలి భాషలోకి కారడం. నేను చాలాకాలం పిల్లలకి ఇంగ్లిష్ చెప్పాను, ఈ ఒక్క తప్పు దిద్దడానికి వాడినంత ఎర్రసిరా ఇంకే తప్పుకీ వాడలేదు. చోటు, కొలత అని చెబితే వాళ్ళకీ మీకులాగే పరీక్షలో వచ్చేది, ఉత్తరంలో రాదు. తర్వాత తర్వాత నాకు తట్టింది ఏమిటంటే, ఈ తేడా తెలుగులో లేకపోలేదు, నుంచి అనే మాట దాన్ని కప్పేస్తోంది, అంతే.

నుంచి తీసేసి దాని స్థానంలో "గా" పెట్టి చూడండి. ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. బాగానే ఉంది కదా. మూడు రోజులుగా జ్వరం, చాలాకాలంగా అనుకుంటున్నాను, గంటసేపుగా ఎదురుచూస్తున్నాను, అన్నీ కుదురుతాయి. ఇప్పుడు "సోమవారంగా జ్వరం" అనండి. "పొద్దుటిగా ఎదురుచూస్తున్నాను", "2019గా ఇక్కడే ఉంటున్నాను". నాలుక ఒప్పుకోదు. గా కుదిరితే ఫర్, కుదరకపోతే సిన్స్. వ్యాకరణం ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మీ చెవి చాలు.

రాత్రిబండి
ఓహ్, ఇది బాగుంది. నాకు ఎవరూ ఇలా చెప్పలేదు.

అడ్డంగీత
పాతపలక గారి చిట్కాకి చిన్న గండి కొడతాను, ఏమనుకోవద్దు. "గత వారం నుంచి" సంగతేంటి? "గత వారంగా" అని అనం, కాబట్టి సిన్స్ లాస్ట్ వీక్, సరే. కానీ "గత వారం రోజులుగా" అంటాం, అప్పుడు ఫర్ ద లాస్ట్ వీక్ అవ్వాలి. లాస్ట్ వీక్ అనే మాట రెండుచోట్లా ఉంది. మరి "సిన్స్ లాస్ట్ టూ ఇయర్స్" అని రాసేవాళ్ళు దీన్ని చూసే కదా మోసపోయేది?

పాతపలక
మంచి గండే కొట్టారు. లాస్ట్ వీక్ అంటే క్యాలెండర్‌లో పోయిన వారం, అదొక చోటు. దాని ముందు "ద" పెట్టి ద లాస్ట్ వీక్ అంటే ఇవాళ్టి నుంచి వెనక్కి లెక్కపెట్టిన ఏడు రోజులు, అది కొలత. తెలుగులో ఆ "రోజులు" అనే మాట చేస్తున్న పనిని ఇంగ్లిష్‌లో ఆ చిన్న "ద" చేస్తోంది. కాబట్టి ఫర్ ద లాస్ట్ టూ ఇయర్స్. "సిన్స్ లాస్ట్ టూ ఇయర్స్", "ఫ్రమ్ పాస్ట్ టూ ఇయర్స్" రెండూ మన దగ్గర రోజూ కనిపించేవే, రెండూ మార్చుకోవాల్సినవే.

ఇదే వరసలో ఇంకో రెండు. "సిన్స్ లాంగ్" కాదు, ఫర్ ఎ లాంగ్ టైమ్, ఎందుకంటే చాలాకాలంగా అంటాం కాబట్టి. "సిన్స్ మార్నింగ్" మనం ధారాళంగా అంటాం, మనవాళ్ళకి అర్థమవుతుంది కూడా, కానీ బయటివాళ్ళు "సిన్స్ దిస్ మార్నింగ్" అంటారు. ఇక్కడ సిన్స్ తప్పు కాదు, ఏ పొద్దునో చెప్పే మాట తగ్గింది.

తోకచుక్క
సిన్స్ టూ ఇయర్స్ అగో? అగో పెడితే అది చోటు అయిపోతుంది కదా, అప్పుడు ఒప్పేనా?

చెరువుగట్టు
లెక్క ప్రకారం ఒప్పే. చెవికి మాత్రం కొంచెం మోటు. "రెండేళ్ళ క్రితం నుంచి" అన్నట్టు ఉంటుంది, మామూలుగా ఎవరూ అలా అనరు, రెండేళ్ళుగా అంటారు. నేనైతే రాయను.

సముద్రపుగాలి
నీలిసిరా గారు బాధపడనక్కర్లేదు, మీకు తోడు చాలా దేశాలవాళ్ళున్నారు. నేను జర్మన్ నేర్చుకుంటున్నాను. అందులో సైట్ అని ఒక మాట ఉంది, చోటుకీ అదే, కొలతకీ అదే, అచ్చం మన నుంచి లాగా. రెండేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను అనడానికి "ఇష్ వోనె హియర్ సైట్ ట్స్వై యారెన్" అంటారు, క్రియ కూడా వర్తమానమే. ఫ్రెంచ్‌లో దెప్యుయీ కూడా ఇంతే, చోటుకీ కొలతకీ ఒకటే మాట, పక్కన వర్తమాన క్రియ. అందుకే వాళ్ళు ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునేటప్పుడు మనం చేసే తప్పే చేస్తారు. మా తరగతిలో ఒక జర్మన్ ఆవిడ ఇంగ్లిష్‌లో "ఐ లివ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అంటే నాకు సొంత చుట్టాన్ని చూసినట్టు అనిపించింది. పైగా సైట్ అనే మాటా, సిన్స్‌లో మొదటి సగమూ ఒకే వేరు నుంచి వచ్చినవట. అక్కాచెల్లెళ్ళే, ఇంగ్లిష్ పిల్ల మాత్రం కొలతని ఫర్‌కి వదిలేసి చోటు దగ్గర కూర్చుంది.

రాత్రిబండి
క్రియ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. నీలిసిరా గారి వాక్యంలో సిన్స్ మార్చి "ఐ యామ్ వర్కింగ్ ఫర్ సిక్స్ ఇయర్స్" అంటే సరిపోతుందా?

నేను అడగడానికి కారణం ఉంది. నాకూ ఈ సిన్స్ అంటే భయమే, అందుకని ఒకసారి తెలివిగా తప్పించుకుందామని ఫారంలో "ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అని రాశాను. ఫర్ పెట్టాను, ఇంకేం భయం అనుకున్నా. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న: "ఎందుకు మానేశారు?" నేను మానలేదండీ అంటే, కాగితం చూస్తాడు, నన్ను చూస్తాడు, మళ్ళీ కాగితం చూస్తాడు. ఉన్న ఉద్యోగం గురించి అబద్ధం చెబుతున్నానని అనుకున్నట్టున్నాడు. ఆ పది నిమిషాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

పాతపలక
హహ, పాపం. వర్క్‌డ్ ఫర్ ఫైవ్ ఇయర్స్ అంటే "ఐదేళ్ళ పాటు పనిచేశాను". చూశారా, తెలుగులో పాటు అనగానే పని ముగిసిపోయినట్టు వినిపిస్తుంది. ఐదేళ్ళుగా అంటే ఇంకా నడుస్తున్నట్టు. ఇక్కడ తెలుగే నయం, మాటలోనే తేడా చూపిస్తుంది. ఇంగ్లిష్ రెండింటికీ ఫర్ వాడి తేడాని క్రియ మీద పడేస్తుంది. పాటు అయితే వర్క్‌డ్, గా అయితే హావ్ వర్క్‌డ్ లేదా హావ్ బీన్ వర్కింగ్. యామ్ వర్కింగ్ అంటే ఇప్పుడు జరుగుతున్నది మాత్రమే, దానికి వెనకటి ఆరేళ్ళని తగిలించడం కుదరదు. సిన్స్‌కైనా అంతే, అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగిన తాడు చూపించాలి కాబట్టి ఆ హావ్ కావాలి.

ఇదే కారణానికి సిన్స్ భవిష్యత్తులోకి పోదు. రేపటి నుంచి మానేస్తాను అంటే ఫ్రమ్ టుమారో. రేపటికీ ఇప్పటికీ మధ్య సాగిన తాడు ఏదీ లేదు కదా.

సున్నాఒకటి
కోడ్ రాసేవాళ్ళకి ఇది ఇంకోలా గుర్తుంటుంది. కంప్యూటర్లలో యూనిక్స్ సమయం అంటే 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి, యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) లెక్కన, గడిచిన సెకండ్లు. సెకండ్స్ సిన్స్ ది ఎపోక్ అంటారు. ఎపోక్ అంటే లెక్క మొదలైన ఆ క్షణం, అది చోటు, సెకండ్లు కొలత, రెండూ ఒకే పదబంధంలో ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు. జావా అనే ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్‌లో సిన్స్ 1.8 అని ఉంటుంది, అదీ చోటే, ఆ వెర్షన్‌లో చేరింది, అప్పటి నుంచీ ఉంది అని.

కాకపోతే కోడ్‌లో చేసిన మార్పుల చిట్టా దాచే గిట్ అనే సాధనంలో, లాగ్ కమాండ్‌కి సిన్స్ ఈక్వల్స్ టూ డాట్ వీక్స్ అని ఇస్తే కిక్కురుమనకుండా రెండు వారాల చిట్టా చూపిస్తుంది. అంటే గిట్ మన మనిషే :)

అడ్డంగీత
గిట్‌కి ఎర్రసిరా లేదు కాబట్టి.

వానపాట
టాపిక్ కాస్త పక్కకి జరుపుతున్నాను, సిన్స్‌కి "కాబట్టి" అనే అర్థం కూడా ఉంది కదా. నా కొంప ముంచింది అదే. మా టీమ్‌లో ఒకాయన వేరే టీమ్‌కి మారారు. కొన్నాళ్ళకి పని ఎలా సాగుతోందని మెయిల్ పెడితే, మర్యాదగా, ఏ ఇబ్బందీ లేదు మీరు కంగారుపడకండి అనే ఉద్దేశంతో "సిన్స్ యూ లెఫ్ట్, ఎవ్రీథింగ్ హాజ్ బీన్ గోయింగ్ స్మూత్‌లీ" అని జవాబిచ్చాను. నా లెక్కలో "మీరు వెళ్ళినప్పటి నుంచి". ఆయన చదువుకున్నది "మీరు వెళ్ళారు కాబట్టి". తిరుగు మెయిల్‌లో ఒకే ఒక్క మాట, గుడ్. నాలుగుసార్లు చదివితే గానీ నేనేం రాశానో నాకు తట్టలేదు.

చెరువుగట్టు
తట్టాక ఏం చేశారు?

వానపాట
ఫోన్ చేసి వివరించాను. ఎంత వివరిస్తే అంత కావాలనే అన్నట్టు అయింది. వదిలేయండి.

సముద్రపుగాలి
అందుకేనేమో పరిశోధన వ్యాసాలు రాసేవాళ్ళకి కొన్ని స్టైల్ గైడ్‌లు సిన్స్‌ని కాలానికే ఉంచుకోండి, కారణానికి బికాజ్ రాయండి అంటాయి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) వాళ్ళ సలహా అదే. అలాగని కారణార్థం తప్పేం కాదు, వందల ఏళ్ళుగా ఉన్నదే. తికమక వస్తుందన్న చోట మాత్రం మార్చుకోవాలి. వానపాట గారి వాక్యంలో "ఎవర్ సిన్స్ యూ లెఫ్ట్" అన్నా కాలం అని తేలిపోయేది, ఎవర్ చేరితే కాబట్టి అనే అర్థం పోతుంది.

ఎలా రాసినా సరే... ఆ మెయిల్ పంపకపోతేనే మేలు.

ఇసుకగడియారం
ఇన్నాళ్ళూ ఊరికే చదివి పోయేవాణ్ణి, ఇక్కడ ఆగలేకపోయాను. కాలం మాట కారణం మాటగా ఎలా మారిందనేది నాకిష్టమైన విషయం.

పాత ఇంగ్లిష్‌లో దీని రూపం సిథ్థన్ లాంటిది. అర్థం "దాని తర్వాత". అది నలిగి సిథెన్ అయింది, చివర ఒక స చేరి సిథెన్స్ అయింది, మధ్యది మింగేస్తే సిన్స్. వన్స్, హెన్స్ చివర వినిపించే స కూడా అదే రకం స. మొదట్లో ఉన్నది "తర్వాత" అన్న అర్థం. ఒకదాని తర్వాత ఒకటి జరిగితే, మొదటిదాని వల్లే రెండోది జరిగిందని మనసు ఊరికే ముడిపెట్టేస్తుంది. ఆ ముడి మాటలోకి ఎక్కి కూర్చుంది. ఫ్రెంచ్‌లోనూ ఇంతే, ఇందాక సముద్రపుగాలి గారు చెప్పిన దెప్యుయీలో ప్యుయీ అంటే తర్వాత, అదే ప్యుయీకి క చేర్చి ప్యుయీస్క అంటే "కాబట్టి, ఎలాగూ" అని కారణం.

ఇప్పుడు మన దగ్గరికి రండి. "నువ్వే వద్దన్నాక నేనెందుకు వెళ్తాను?" ఈ "అన్నాక"లో ఉన్నది ఏమిటి? అన్న తర్వాత. కానీ ఇక్కడ ఎవరూ గడియారం చూడట్లేదు. నువ్వే వద్దన్నావు కాబట్టి అని అర్థం. "ఇంత దూరం వచ్చాక చూడకుండా ఎలా పోతాం", "ఒకసారి మాటిచ్చాక తప్పకూడదు", అన్నీ ఇవే. సిన్స్ వందల ఏళ్ళు నడిచిన దారినే మన "ఆక" కూడా నడిచింది, ఎవరూ ఎవరినీ చూసి నేర్చుకోకుండా.

పాతపలక
ఇన్నేళ్ళు చెప్పాను గానీ ఈ సంగతి నాకు తట్టలేదు. ఇసుకగడియారం గారూ, నమస్కారం.

అడ్డంగీత
నాకు మాత్రం పూర్తిగా దిగలేదు. "వాన పడ్డాక మొక్క మొలిచింది" అంటాం. వాన వల్లే మొలిచింది, అయినా ఇక్కడ పడ్డాక అంటే ఉత్త తర్వాతే. దీన్ని సిన్స్ అని రాస్తే నవ్వుతారు. మరి కారణం ఉన్నచోట కాలం, కాలం లేనిచోట కారణం, ఇదేం లెక్క?

ఇసుకగడియారం
లెక్క ఉంది. వాన సంగతి మీరు కొత్తగా చెబుతున్నారు. "నువ్వే వద్దన్నాక" అన్నప్పుడు వద్దన్న సంగతి ఇద్దరికీ ముందే తెలుసు, దాన్ని ఆధారం చేసుకుని నా మాట నిలబెడుతున్నాను. కారణార్థపు సిన్స్ కూడా ఎక్కువగా అలా తెలిసిన కారణానికే వస్తుంది. అందుకే ఎవరైనా "వై?" అని అడిగితే జవాబు బికాజ్‌తో మొదలవుతుంది గానీ సిన్స్‌తో మొదలవదు, అడిగినవాడికి కారణం తెలియదు కదా. "సిన్స్ యూ ఆర్ హియర్, హెల్ప్ మీ" అంటే "ఎలాగూ వచ్చావు కదా, ఒక చెయ్యి వెయ్యి". ఆ "ఎలాగూ", "కదా" పెట్టుకోగలిగిన చోట సిన్స్ హాయిగా ఇముడుతుంది.

అడ్డంగీత
సరే, ఎలాగూ చెప్పారు కదా, ఒప్పుకుంటున్నాను.

తోకచుక్క
నాకు వేరే సందేహం. "వాణ్ణి చూసి రెండేళ్ళయింది", "వాణ్ణి చూడక రెండేళ్ళయింది". ఒకటి చూసి, ఒకటి చూడక. రెండూ ఒకటే అర్థం ఎలా అయ్యాయి? ఇంగ్లిష్‌లో కూడా రెండూ ఒప్పేనా?

పాతపలక
భలే పట్టుకున్నారు. మొదటిదాంట్లో లెక్క చివరిసారి చూసిన రోజు నుంచి మొదలవుతుంది. రెండోదాంట్లో చూడకుండా గడిచిన కాలాన్ని కొలుస్తున్నాం. ఎటు నుంచి కొలిచినా రెండేళ్ళే. ఇంగ్లిష్‌లో మొదటిదానికి "ఇట్స్ బీన్ టూ ఇయర్స్ సిన్స్ ఐ సా హిమ్", రెండోదానికి "ఐ హావెంట్ సీన్ హిమ్ ఫర్ టూ ఇయర్స్". రెండూ కలిపి "ఇట్స్ బీన్ టూ ఇయర్స్ సిన్స్ ఐ హావెంట్ సీన్ హిమ్" అని రాయకూడదు. మనవాళ్ళు చూడక అనే మాట మనసులో పెట్టుకుని సరిగ్గా అదే రాస్తారు.

ఇందులోనే ఇంకో ఉచ్చు ఉంది. "సిన్స్ ఐ లివ్‌డ్ హియర్" అంటే ఇక్కడ ఉండటం మానేసినప్పటి నుంచి. "సిన్స్ ఐ హావ్ లివ్‌డ్ హియర్" అంటే ఇక్కడికి వచ్చినప్పటి నుంచి, ఇంకా ఇక్కడే ఉన్నాను. ఒక్క హావ్ తేడాతో మనిషి ఇంట్లో ఉన్నాడా, ఖాళీ చేసి పోయాడా అన్నది మారిపోతుంది.

రాత్రిబండి
మళ్ళీ హావ్! నా ఉద్యోగం ఊడగొట్టిందీ అదే.

వానపాట
వార్తల్లో "హీ హాజ్ సిన్స్ రిజైన్డ్" అని వస్తుంది, సిన్స్ తర్వాత చోటూ లేదు, కొలతా లేదు. అదేమిటో కూడా చెప్పేయండి, ఒక పని అయిపోతుంది.

ఇసుకగడియారం
అదే ఆ పాత "దాని తర్వాత". ముందు చెప్పిన సంగతి జరిగాక, ఇప్పటికి మధ్యలో ఎప్పుడో ఆయన రాజీనామా చేశారు. చోటు ముందు వాక్యంలోనే ఉంది కాబట్టి మళ్ళీ చెప్పక్కర్లేదు. తెలుగులో "ఆ తర్వాత" అంటే చాలు.

చెరువుగట్టు
సిన్స్ వెన్? అని వెటకారంగా అడగడం కూడా కలపండి. "నువ్వెప్పటి నుంచి ఇంత మంచివాడివయ్యావు?" అన్నట్టు. తారీఖు చెబితే తన్నులు తింటారు.

నీలిసిరా
అందరికీ థాంక్స్. ఎర్రగీత కొట్టినవాడికి ఈ చర్చ మొత్తం పంపాను, "గా" చిట్కా వాడికీ తెలియదట, ఊరికే చెవికి తప్పనిపించిందట. ఇప్పుడు ఇలా మార్చాను, చూడండి:

"ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ దిస్ ఫీల్డ్ ఫర్ సిక్స్ ఇయర్స్. ఐ హావ్ బీన్ విత్ మై ప్రెజెంట్ టీమ్ సిన్స్ 2021. సిన్స్ ఐ నో ద వర్క్ వెల్, ఐ కెన్ జాయిన్ సిన్స్ నెక్స్ట్ మంత్."

పాతపలక
మొదటి రెండూ బంగారం. మూడోదాంట్లో మొదటి సిన్స్ ఉంచండి, రెండోది ఫ్రమ్ చేయండి. వచ్చే నెల ఇంకా రాలేదు.

నీలిసిరా
అయ్యో. మార్చాను. పంపేశాను.

రాత్రిబండి
హావ్‌లు అన్నీ ఉన్నాయా, ఒకసారి చూసుకున్నారా?